ఊదుకొని తిన్న ఐస్‌క్రీము

పోయిన నెల మా అక్కను కంటి డాక్టరుకు చూపించడానికి నంద్యాలకు తీసుకుపోతే, కండ్లలో చుక్కలు వేసి రెండు గంటలు ఆగమన్నారు గనుక, చిన్ననాడు మా నాయన ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కించి ఏడాదికొకసారి తీసుకొచ్చే ఐస్‌క్రీము పార్లరు ఇంకా ఉందేమోనని వెతుక్కుంటూ పోయాం. ఉంది. బల్లకూ బల్లకూ మధ్య వేలాడే పూల పరదాలు పోయి, ముందంతా అద్దం వచ్చింది. ఆ రోజుల్లో నేను అక్కడి చెక్క చెంచాను జేబులో దాచుకొని, ఊరికొచ్చాక వారం దాకా చీకేవాణ్ని.

మన కాలంలో పెండ్లిచూపులకు ముందే మగపిల్లవాడి వాళ్లు పిల్లను ఎక్కడో ఒకచోట చాటుగా చూసిపోయేవాళ్లు, గుర్తుంది కదా. నచ్చకపోతే పిల్లకు తెలియకుండానే సరిపోతుందని, అదొక మర్యాద. అక్కకు సంబంధాలు చూస్తున్న ఏడు నాయన మమ్మల్ని పార్లరుకు తీసుకొచ్చింది అందుకేనని, ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టి నోటికి మాత్రం సెలవివ్వని నాకు ఎవరూ చెప్పలేదు. పరదా సందులోంచి కనబడే ఎదురు బల్ల దగ్గర తెల్లచొక్కా ఆయనొకడు, కప్పు మీద లేస్తున్న చల్లటి పొగను చూసి, ఐస్‌క్రీమును టీ మాదిరి ఊదుకుంటున్నాడు.

"నిదానంగా ఊదుకో అప్పా, మూతి కాల్తాది" అన్నాను, నాయన డబ్బులు కట్టడానికి లేచిపోయిన సందులో.

అక్క ఫక్కున నవ్వింది. ఆయన తల వంచుకున్నాడు. పక్కనున్న పెద్దామె కప్పు సగంలోనే వదిలి లేచింది. ఆయనే పెండ్లికొడుకు. మగవాళ్లను చూసి పండ్లికిలించే పిల్ల మాకొద్దని వారం తిరక్కముందే కబురొచ్చింది. నాయన తిట్టింది అక్కను. ముందు నోరు జారింది నేనని నేను చెప్పలేదు. రెండేళ్లకు అక్కను చాగలమర్రిలో ఇచ్చారు. బావ కష్టపెట్టినవాడు కాదు, నవ్వినవాడూ కాదు.

ఇన్నేళ్లకు, ఆ అద్దం పక్కన కూర్చొని, చెప్పేశాను. "అక్కా, ఆ సంబంధం చెడగొట్టింది నేనే. నీకు తిట్లు పడతాంటే నోరు మూసుకున్యా."

"నాకు తెలీదారా? నీ పేరు చెప్పింటే నాయన నీ వీపు చీరతాండె" అంది, చుక్కల నీళ్లు తుడుచుకుంటూ. "నేను ఎగతాళికి నవ్వలేదబ్బీ. ఆ పిల్లోడు నాకు నచ్చినాడు" అంది.

పక్క బల్ల దగ్గర ఒక అబ్బాయీ అమ్మాయీ ఎదురెదురుగా కూర్చొని, ఏ చాటూ లేకుండా మాట్లాడుకుంటున్నారు. మన పెద్దవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పిల్ల మనసు నొచ్చుకోకూడదనే అంత చాటు పాటించారు. ఆ మనసులో ఏముందో అడగాలని మాత్రం వాళ్లకు తట్టలేదు. నలభై ఏళ్లు అక్కను నవ్విస్తూ వచ్చిన నాకూ తట్టలేదు.