అన్న చుక్క పెట్టిన చోటు

అన్న పోయిన పదిహేనో రోజున వదిన దుకాణం తాళం తీసింది. పొద్దున్నే నాకు ఫోన్ చేసింది.

“తమ్మీ, పెండ్లి జాకెట్ల డిజైన్ సగంల ఆగింది. శుక్రవారం ఇయ్యాలె. ఇది ఇయ్యకపోతే, మనిషి పోయిండు దుకాణం బందయింది అనుకుంటరు. ఇగ ఎవరు రారు.”

ఆఫీసుకు సెలవు చెప్పి దబీర్‌పురా నుంచి షేర్ ఆటోలో శాలిబండకు వెళ్లాను. పావుగంట దారి. రెండేళ్లుగా ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాను. గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగి వచ్చేవాణ్ని. అన్న కుర్చీలో మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు.

దుకాణం రెండు గదులు. ముందు గదిలో కంప్యూటర్, వెనక గదిలో ఎంబ్రాయిడరీ మెషీన్. మెషీన్ నడిపేది ఒక ముసలాయన. అందరికీ ఆయన చాచా. కాగితం మీద గీసిన బొమ్మను స్కాన్ చేస్తే తెర మీద పలచగా కనిపిస్తుంది. దాని గీతల వెంట మౌస్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. ఆ చుక్కల వరసనే తర్వాత సూది నడుస్తుంది. చుక్క ఎక్కడ పెడితే సూది అక్కడ దిగుతుంది.

ఆ ప్రోగ్రామ్ నేను రాసిందే. బజారులో దొరికే సాఫ్ట్‌వేర్‌లో మీటలు ఎక్కువని అన్న విసుక్కుంటే, ఆయనకు కావలసినంత మట్టుకే రాసి ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. అన్నకు రాసినప్పుడు ఉద్యోగంలో పడేంత జాగ్రత్త పడలేదు. ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

కంప్యూటర్ రాకముందు అన్న ఖాకాలు చేసేవాడు. పలచటి కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో బెజ్జాలు పొడుస్తారు. దాన్ని బట్ట మీద పరిచి పొడి రుద్దితే బొమ్మ కిందికి దిగుతుంది. దాన్నే ఖాకా అంటారు. చేతులకు, మెడకు, వీపుకు ఒకే మామిడి పిందెను మూడు సైజుల్లో గీయాలి. అన్న స్కేలు వాడేవాడు కాదు. పెద్దదాన్ని చూస్తూ పక్కన చిన్నది గీసేవాడు. అది అందరికీ వచ్చే పనే అనుకునేవాడు.

తెర మీద వీపుకు వచ్చే పెద్ద పిందె ఉంది. సగం దాకా అన్న చుక్కలు ఉన్నాయి. వాటి చివర నుంచి అందుకుందామని గీత మీద సరిగ్గా బాణం గుర్తు పెట్టి నొక్కాను. చుక్క అక్కడ పడలేదు. రెండు వేళ్ల దూరంలో, కిందికి, కుడి పక్కకు పడింది. చెరిపేసి మళ్లీ నొక్కాను. మళ్లీ అక్కడే.

మౌస్ మార్చాను. అంతే. తెర పై ఎడమ మూలకు దగ్గరగా నొక్కి చూశాను. చుక్క దాదాపు సరిగ్గానే పడింది. కింది కుడి మూలకు పోయి నొక్కితే చుక్క తెరలోనే లేదు.

వెనక గది గుమ్మంలో నిలబడి చాచా చూస్తున్నాడు.

“మౌస్ ఖరాబ్ కాలే, ఛోటే భాయ్. నువ్వు బొమ్మ మీద నొక్కుతున్నవ్. బడే భాయ్ బొమ్మ మీద ఎన్నడు నొక్కలే.”

“మరి ఎక్కడ నొక్కేటోడు?”

“బాజుకు. జర లోపటికి. నేను అడిగిన కూడా, క్యా భాయ్, చెయ్యి వంకర అయిందా అని. చెయ్యి సీదానే ఉంది చాచా, మెషీన్‌కే జర నఖ్‌రాలు అన్నడు.”

అప్పుడు అర్థమైంది. సెట్టింగ్స్ తెరిచి చూసే అవసరం కూడా లేకపోయింది.

రెండేళ్ల కింద అన్నకు చూపు తగ్గింది. అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే, ఫోన్‌లోనే చెప్పి తెర కొలతను నూట ఇరవై ఐదు శాతానికి పెంచాను. పెద్దగా అయినయి గానీ మసక కొడుతున్నయి అన్నాడు. ప్రోగ్రామ్ తన కొలత తాను చూసుకోకపోతే సిస్టమ్ దాన్ని ఫొటోలా సాగదీస్తుంది. అందుకే మసక. అందుకని నా ప్రోగ్రామే బొమ్మను పెంచి గీసేలా మార్చి కొత్త కాపీ పంపాను. బొమ్మను పెంచాను. మౌస్‌ను మరిచిపోయాను. కన్నుకు కనిపించేది పెరిగింది, చేతికి అందేది పాత కొలతలోనే ఉండిపోయింది. నా తెర నూరు శాతం మీదే ఉంటుంది కనుక నాకు ఏ తేడా కనిపించలేదు. చూసుకున్నాను, బాగుంది, పంపేశాను.

“ఎట్లుందే?” అని అడిగితే అన్న “మస్తు కొడుతుంది” అన్నాడు. అక్షరాల గురించి అన్నాడు. నేను అంతా బాగుందనుకున్నాను.

అంటే రెండేళ్లు ఆయన చూసే చోట నొక్కలేదు. పై ఎడమ మూల నుంచి లెక్కేస్తే, చూసే చోటికి ఉన్న దూరంలో ఐదింట నాలుగు వంతుల దగ్గర నొక్కాడు. ఆ తేడా అన్ని చోట్లా ఒకటి కాదు. మూల దగ్గర గోరంత. నడుమకు వచ్చేసరికి రెండు వేళ్లు. చివరకు పోతే బెత్తెడు. ప్రతి చుక్కకూ వేరే లెక్క. పెద్ద పిందెను చూస్తూ, తెర మీద కనబడని చిన్న పిందె వెంట చెయ్యి నడిపాడు.

పాత ఫైళ్లు తెరిచాను. రెండేళ్ల డిజైన్లు. ఒక్కోదాన్ని దాని స్కాన్ పక్కన పెట్టి, దగ్గరకు పెంచి చూశాను. ఎక్కడైనా తప్పు దొరుకుతుందని చూశాను. తీగ మలుపుల్లో, పూరేకుల కొసల్లో చూశాను. మొదటి వారం ఫైళ్లలో కొన్ని చుక్కలు అటూ ఇటూ ఉన్నాయి. ఆ తర్వాత లేవు. చుక్కలు గీతల మీదే ఉన్నాయి. చావు గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. ఆ పదిహేను రోజుల్లో వాటిలో ఒక్క వాక్యం పనికిరాలేదు. ఈ చుక్కలను చాలాసేపు చూశాను.

వదిన చాయ్ తెచ్చింది.

“నాకు ఎందుకు చెప్పలేదు వదినా?”

“చెప్పుడేంది? అక్షరం పెద్దది జేస్తే చెయ్యి చిన్నగ పెట్టాలె, గట్లనే ఉంటది అన్నడు. ఖాకాల లెక్కనే అనుకున్నడు. నువ్వు రాసినవ్ కదా, తప్పు ఉంటదా అన్నడు.”

చాయ్ పక్కన పెట్టి, సంచిలోంచి నా ల్యాప్‌టాప్ తీశాను. ప్రోగ్రామ్ అసలు ప్రతి అందులోనే ఉంది. దిద్దుబాటు ఒక్క వరస. మౌస్ చెప్పిన సంఖ్యను తెర కొలతతో భాగించాలి, అంతే. రాశాను. నొక్కిన చోటే చుక్క పడింది. ఇక నేనే పూర్తి చేస్తానన్నాను.

“నువ్వు పక్కకు జరుగు. మధ్యాహ్నం పూట మీ అన్న కండ్లు గుంజితే ఆకులు, కాడలు నేనే పెడుతుంటి” అని వదిన కుర్చీలో కూర్చుంది.

ఆ సంగతి కూడా నాకు తెలియదు.

వదిన నాలుగు చుక్కలు పెట్టింది. నాలుగూ గీతకు లోపల పడ్డాయి. చెయ్యి ఆపింది.

“ఏం జేసినవ్? చెడగొట్టినవ్ గదా!”

“బాగు చేసిన వదినా. ఇప్పుడు సక్కగ బొమ్మ మీదనే నొక్కాలె.”

“ఎల్లుండి శుక్రవారం. ఇప్పుడు నాకు కొత్త చెయ్యి యాడికెల్లి వస్తది? మునుపటి లెక్క పెట్టు.”

చాచా గుమ్మంలో నవ్వాడు. “ఇంజనీర్ సాబ్ ఫెయిల్.”

నేను తప్పును తిరిగి పెట్టాను. ఉద్యోగంలో ఆ పని ఎప్పుడూ చేయలేదు.

వదిన అన్న ఆఖరి చుక్క దగ్గర నుంచి మొదలుపెట్టింది. నేను వెనక నిలబడ్డాను. బాణం గుర్తు ఒక చోట తిరుగుతుంటే చుక్కలు ఇంకో చోట, గీత మీద, వరసగా పడుతున్నాయి. ఎలా చేస్తున్నావని అడిగాను.

“బాణాన్ని చూడొద్దు. బొమ్మనే చూడాలె. మీ అన్న గదే చెప్పిండు.”

నేను ప్రయత్నించాను. బొమ్మనే చూశాను. పది చుక్కల్లో ఒక్కటి కూడా గీత దగ్గరికి పోలేదు. లెక్క నాకు తెలుసు, ఐదింట నాలుగు. అయినా చెయ్యి రాలేదు.

సాయంత్రపు అసర్ అజాన్ అయ్యేసరికి పిందె పూర్తయింది. చాచా ముందు పాత బట్ట మీద నమూనా కుట్టాడు. సూది ఆగాక బట్టను వెలుతురులోకి పట్టుకుని, అన్న చుక్కలు ఎక్కడ ఆగాయో, వదినవి ఎక్కడ మొదలయ్యాయో వెతికాను. ఫైల్‌లో అయితే చెప్పగలను, చుక్కకు వరస నంబర్ ఉంటుంది. బట్ట మీద చెప్పలేకపోయాను. చాచా వేలితో తడిమి “ఏక్ హీ హాత్” అన్నాడు. ఒకే చెయ్యి.

గురువారం సాయంత్రానికి జాకెట్లన్నీ అయ్యాయి. శుక్రవారం పొద్దున పెండ్లివాళ్లు వచ్చి తీసుకుపోయారు. వీపు మీది పిందెను తిప్పి తిప్పి చూసి, చెల్లెలి పెండ్లికి కూడా ఇక్కడికే వస్తామన్నారు. వాళ్లు మెట్లు దిగినాక వదిన నన్ను పిలిచింది.

“ఇగ నీ బాగు చేసింది పెట్టు.”

“నీ చెయ్యి దీనికి అలవాటైంది కదా. ఉండనియ్యి వదినా.”

“రేపు నా చూపు కూడా తగ్గుతది. అప్పుడు నూట యాభై పెడుతవ్. మళ్ల ఇంకో చెయ్యి నేర్చుకోవాల్నా? పెట్టు.”

పెట్టాను. వదిన ఖాళీ తెర మీద ఒక తీగను తెచ్చుకుంది. మొదటి చుక్క లోపల పడింది. రెండోదీ అంతే. మూడోసారి ఆగి, బాణం గుర్తును చూసి, దాన్ని మెల్లగా తీగ మీదికి తెచ్చి నొక్కింది. చుక్క బాణం కొస కిందే పడింది. ఇంకోటి పెట్టింది. ఇంకోటి.

“గింత సులువుగ ఉంటదా ఇది?” అంది తెర వైపే చూస్తూ.

“ఉంటది” అన్నాను.