కోతలయ్యాక చూద్దాంలే

1984 ఫిబ్రవరి. వినుకొండ అవతలి పల్లెల్లో కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆ రోజుల్లో తుమ్మకుండా ఆ ఊళ్ళలోకి అడుగుపెట్టినవాణ్ణి నేను చూడలేదు. ఒక డొక్కు జీపు, ఒక 16 ఎం.ఎం. ప్రొజెక్టరు, ముగ్గురు బుర్రకథవాళ్ళతో మూడు రోజుల క్యాంపుకి ఒక ఊళ్ళో దిగాం. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్ళు ఇంకా నాకు మిరపకాయలు పంపుతూనే ఉన్నారు.

నేను ప్రభుత్వ ప్రచార విభాగంలో ఫీల్డ్ అసిస్టెంట్‌ని. అంటే ఊరూరా తిరిగి సినిమాలు వేయాలి, గోడల మీద నినాదాలు రాయించాలి, బుర్రకథలు చెప్పించాలి, చివర్లో రిపోర్టు రాయాలి. టీకాలు, పొదుపు, చిన్న కుటుంబం అన్నీ అయ్యాక ఆ ఏడు మాకు అప్పజెప్పింది వెట్టిచాకిరీ. పొలాల్లో కట్టుపడి ఉన్నవాళ్ళ గురించే కాదు, ఇళ్ళల్లో జీతం లేకుండా బతుకంతా పనిచేసేవాళ్ళ గురించి కూడా జనం ఆలోచన మార్చమని పైనుంచి ఆర్డరు.

రిపోర్టులో 'పబ్లిక్ రియాక్షన్' అని ఒక గడి ఉండేది. కార్యక్రమం చూసి జనం ఏమన్నారో అందులో రాయాలి. పదకొండేళ్ళ సర్వీసులో నేను అక్కడ ఒకే వాక్యం రాశాను: "ప్రజలు విశేషంగా స్పందించారు." వానొచ్చి ప్రోగ్రాం ఆగిపోయిన రోజు కూడా చెయ్యి అలవాటున అదే రాసి, పై ఆఫీసరుతో చీవాట్లు తిన్నాను.

మాకు ఇంకో అలవాటు కూడా ఉండేది. ఏ ఊరెళ్ళినా దిగేది పెద్దింట్లోనే. కరెంటు వాళ్ళదే, మంచాలు వాళ్ళవే, భోజనం వాళ్ళదే. ఆ ఊళ్ళో పెద్దిల్లు రత్తమ్మ గారిది. ఆవిడ భర్త మిరప అమ్మకానికి గుంటూరు యార్డుకి వెళ్ళి ఉన్నాడు. ఆవిడకి నలభై అయిదేళ్ళుంటాయి. పెద్ద గొంతు, పెట్టే చెయ్యి. "తినండయ్యా! ఊరికి నీతులు చెప్పాలంటే ఒంట్లో సత్తువ ఉండొద్దూ?" అంటూ గోంగూర మీద గోంగూర వడ్డించేది. వడ్డించేది అనడం తప్పు. వడ్డించమని చెప్పేది. వడ్డించింది మరియమ్మ.

మొదటి రోజు పొద్దుగూకగానే సినిమా వేశాం. అందులో బుర్రమీసాల జమీందారు ఒకడు కొరడా పట్టుకుని పాలేళ్ళను బాదుతుంటాడు. జనం శాపనార్థాలు పెట్టారు. రత్తమ్మ గారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అయ్యో, ఎంత పాపిష్టివాడయ్యా! మా ఊళ్ళో అట్టాంటోళ్ళు లేరు" అని, తల తిప్పకుండానే, "మరియమ్మా, బాబుగారికి కాఫీ!" అని కేకేసింది. గుమ్మడికాయ దొంగెవరంటే ఊళ్ళో ఒక్కరూ భుజాలు తడుముకోలేదు. నేనూ తడుముకోలేదు. కాఫీ తాగి, గ్లాసు ఎక్కడ తాగానో అక్కడే పెట్టేశాను.

ఆ గ్లాసు తీయడానికి వచ్చిన మరియమ్మ కాసేపు నిలబడి అడిగింది: "బాబుగారూ, కొరడా లేకపోతే అది వెట్టి కాదాండీ?"

ఎందుకడిగావన్నాను. చెప్పింది. రత్తమ్మ గారు పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేటప్పుడు, కొత్తచోట తోడుగా ఉంటుందని పుట్టింటివాళ్ళు పదేళ్ళ మరియమ్మను కూడా పంపారు. సారెతోపాటు మనిషిని పంపడం అప్పట్లో కొన్ని పెద్ద కుటుంబాల్లో గొప్ప. పాతికేళ్ళయింది. తిండి, బట్ట తప్ప జీతమనే మాట లేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే తమ్ముడు, "అక్కా, వచ్చి మాతో ఉండు" అని మూడేళ్ళుగా కబురు పంపుతున్నాడు.

"మరి అడగలేదా?"

"అడిగానండి. అమ్మగారు మంచోరే, కాదనరు. కోతలయ్యాక చూద్దాంలే అంటారు. మిరప కోతలయితే పత్తి తీతలు. అవీ అయితే కోడలి పురుడు. మళ్ళీ కోతలు." నవ్వుతూనే చెప్పింది గానీ ఆ నవ్వు చూడటం నాకు కష్టమైంది. "ఈ మాట మీ కథలో చెప్పండి బాబుగారూ. నా పేరు చెప్పమాకండి, ఊరు చెప్పమాకండి. ఆ మాట ఒక్కటి చెప్పండి."

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ తంబురాతో కథకుడు, పక్కన ఇద్దరు వంతలు. ఆ ఇద్దరిలో ఒకడు రాజకీయం, రెండోవాడు హాస్యం. మా హాస్యం మస్తాన్. నరసరావుపేటలో సైకిల్ రిపేరు అతని బతుకుతెరువు, నోరు అతని ఆస్తి. మరియమ్మ మాట చెప్పగానే, "సార్, మీ జమీందారుని జీపులో పడేయండి. నాకీ అమ్మగారు చాలు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రత్తమ్మ గారి కల్లంలోనే కథ పెట్టాం. ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. మధ్యమధ్య కథకుడితో సహా అందరం తుమ్ముతున్నాం. మస్తాన్ తువ్వాలు నెత్తిన కప్పుకుని అమ్మగారయ్యాడు, కథకుడు ప్రశ్నలు మొదలెట్టాడు.

"ఏం తల్లీ, ఆ అమ్మాయికి జీతమెంత?"

"జీతమేందయ్యా, మా ఇంటి మనిషే గదా!"

"మరి పుట్టింటికి పంపవా?"

"పంపనని ఎవరన్నారు? కోతలయ్యాక చూద్దాంలే!"

"కోతలయ్యాయిగా?"

"పత్తి తీతలున్నాయిగా!"

"అవీ అయ్యాయిగా?"

"మళ్ళీ కోతలొస్తన్నాయిగా!"

కల్లం గొల్లుమంది. అందరికన్నా పైకి వినిపించిన నవ్వు రత్తమ్మ గారిది. రెండోసారి ఆ మాట వచ్చినప్పుడు కడుపు పట్టుకుని నవ్వింది. మూడోసారికి, "కోతలయ్యాక" అని మస్తాన్ ఆగగానే, ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో "చూద్దాంలే!" అని అరిచి, నాలుక కరుచుకుని ఆవిడ వంక చూశారు. రత్తమ్మ గారి నవ్వు సగంలో ఆగిపోయింది. మజ్జిగ బిందెతో నిలబడ్డ మరియమ్మ తల దించుకోలేదు. రత్తమ్మ గారు లేచి, చీర దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ పూట మాకు భోజనం రాలేదు. పెద్దిల్లు కంప్లయింటు రాస్తే నా ట్రాన్స్‌ఫర్ ఖాయం. అంతకన్నా పెద్ద భయం, ఆ కోపం మరియమ్మ మీదకి మళ్ళుతుందేమోనని. మస్తాన్ మాత్రం, "హాస్యం పండింది, అన్నం ఎండింది సార్" అన్నాడు. చివరికి చర్చి స్కూలు టీచరు గారింట్లో జొన్నన్నం, పచ్చిపులుసు తిన్నాం.

పొద్దున్నే జీపు దగ్గరికి రత్తమ్మ గారు వచ్చింది, వెనకాల మరియమ్మ. పంపు దగ్గరున్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి చుట్టూ చేరారు.

"ఏందయ్యా, తిన్నింటి వాసాలు లెక్కబెడతారా? దాన్ని ఏనాడన్నా కొట్టానా? జ్వరమొస్తే నా కూతురికి చేసినట్టే చెయ్యలా? ఇంటి మనిషిని ఇంటి మనిషంటే తప్పా?"

నాకు చట్టం మొత్తం కంఠతా వచ్చు. ఒక్క సెక్షనూ నోట్లోంచి రాలేదు. ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు, అదే చిక్కు. జవాబు చెప్పింది మరియమ్మ.

"అమ్మా, మొన్న మీ కోడలు 'ఇయ్యాల కల్లానికి రాను' అంది. మీరు ఊరుకున్నారు. నేనూ ఇంటి మనిషినేగా. ఈ పాతికేళ్ళలో ఒక్కసారన్నా నేను కాదన్నానా? అంటే ఊరుకునేవాళ్ళా?"

రత్తమ్మ గారు గొంతు తగ్గించి అడిగింది.

"యాడికి పోతావే?"

"చీమకుర్తి, తమ్ముడి దగ్గరికి."

"ఎప్పుడు?"

"ఇయ్యాల."

"ఇయ్యాలంటే ఎట్టానే? కోతల..." అని, ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆవిడ వాళ్ళ వంక కొరకొరా చూసి, చూసి, తనూ నవ్వేసింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పోవే, పో. ఆ మాట ఇంక జన్మలో అననిచ్చేట్టు లేరు నన్ను. ఏం కావాలో తీసుకుపో."

మరియమ్మ పెద్ద ఇడ్లీ పాత్ర అడిగింది. పాతికేళ్ళ చాకిరీకి ఇడ్లీ పాత్ర సమానమని నేననను. ఆమెకు రావలసిన జీతం గురించి తాలూకా ఆఫీసుకు రాశాను, అది మా జీపు కన్నా మెల్లగా నడిచింది. కానీ ఆ పొద్దున మా జీపులో వినుకొండ బస్‌స్టాండు దాకా ఆ పాత్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి మొహం చూస్తే, నాకు ఉద్యోగం దొరికిన రోజు కన్నా సంతోషం వేసింది.

నాలుగేళ్ళ తర్వాత క్యాంపు మీద చీమకుర్తి వెళ్ళాను. మరియమ్మ ఇడ్లీ హోటల్ అంటే లారీ డ్రైవర్లంతా దారి చెప్పారు. ఆకలితో వెళ్తే తలుపు మూసి ఉంది. మీద బోర్డు: 'ఆదివారం సెలవు'. అప్పుడే ఇస్త్రీ తెల్లచీరలో, చేతిలో బైబిలుతో ఆమె చర్చికి బయల్దేరుతోంది. నన్ను చూసి సంబరపడిపోయింది.

"నీ చేతి ఇడ్లీ తిందామని ఇంత దూరం వచ్చాను మరియమ్మా. నా ఒక్కడికీ రెండు వేస్తావా?"

"ఇయ్యాల కాదండీ" అంది నవ్వుతూ. "ఆదివారం నాకూ సెలవే, నా దగ్గర జీతానికి చేసే ఇద్దరికీ సెలవే. రేపు రండి. ఆకలైతే ఎదురు హోటల్లో ఉప్మా తినండి, నా పేరు చెప్పండి."

ఆ ఉప్మాలో ఉప్పెక్కువైంది. రెండు ప్లేట్లు తిన్నాను. నా సర్వీసు మొత్తంలో ఆ 'కాదండీ' అన్నంత మంచిమాట నాకెవరూ చెప్పలేదు. ఒక మనిషి వెట్టిలో ఉందో లేదో తెలియాలంటే కొరడా కోసం వెతకడం కాదు, ఆమె కాదనగలదా లేదా చూడాలని అప్పుడు తెలిసింది.

ఇంటికి రాగానే మా ఇంట్లో అంట్లు తోమే నాగమణిని అడిగాను, "వారంలో నీకు సెలవెప్పుడు?" అని. ఆమె బిత్తరపోయి, "నన్ను మాన్పించేస్తున్నారా అయ్యగారూ?" అంది. పదిహేనేళ్ళుగా ఊరందరికీ ప్రచారం చేసినవాణ్ణి, నా వంటింటి దాకా రాలేదన్నమాట. ఆ వారం నుంచి ఆదివారం ఆమెకు సెలవు, జీతంతో. ఆ రోజు అంట్లు నేను తోముతాను. పబ్లిక్ రియాక్షన్ అంటారా? గిన్నెలకి జిడ్డు వదలడం లేదని మా ఆవిడ విశేషంగా స్పందిస్తోంది.