బెంగుళూరు కాలేజీలో కోడికూత

ఈ రోజు హుకుంపేట సంతలో నా వేళాకోళం నాకే తిరగబడింది. మా బావ కూతురు పార్వతికి రెండు సీట్లొచ్చాయి. ఒకటి విశాఖలో సర్కారు కాలేజీ, రెండోది బెంగుళూరులో అది కలలుగన్న ఖరీదైన కాలేజీ. ఆ ఫీజు కోసం కాఫీ తోటలోని సిల్వర్ ఓక్ చెట్లన్నీ అమ్ముతానని బావ మొండికేశాడు. పార్వతి గుంట వద్దన్నా వినడు.

బావ పక్కనుండగానే, నా నంబరు తెలియకుండా కోళ్లమ్మేవాడి ఫోన్ తీసుకుని, పార్వతికి చేసి, స్పీకర్ పెట్టి, గొంతు మార్చాను. "మేడమ్, బెంగుళూరు కాలేజీ నుంచి. ఫీజు ఎప్పుడు కడతారు?"

"సీటు ఇంకెవరికైనా ఇచ్చీండి సార్. చెట్లు నరికేత్తే కాఫీకి నీడేది? నా కల నాలుగేళ్లు ఆగుతాది, కాఫీ మొక్క ఒక్క ఎండకి ఆగదు. నాను విశాఖలోనే సదువుతాను."

బావ తల దించుకున్నాడు. కలప షావుకారుకి చేద్దామని తీసిన ఫోన్ మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు.

అప్పుడు ఫోన్లోంచే అంది గుంట: "మావా, నీతో సంతకొచ్చిన మా అయ్య ఇన్నాడా? నాను సెప్తే ఇనడని నీకు సెప్పాను. అయినా బెంగుళూరు కాలేజీలో కోడిపుంజులు కూత్తాయేటి?"

ఊరందరినీ ఏడిపించే నన్ను మైకుసెట్టులా వాడేసుకుంది! ఇంకా నోరు మూతపడలేదు నాకు. మీ ఇంట్లోనూ ఇలాంటి గుంటలుంటే ముందే చెప్పండి, ఫోన్ చేసేముందు దండం పెట్టుకుంటాను.