ఇన్‌స్పెక్టరు పండగ

మీ వీధి బడిలో పిల్లలందరూ పాసయ్యారని విన్నప్పుడు, ఆ 'అందరి'లోకి రానివ్వకుండా ఎవరిని ఇంటి దగ్గర కూర్చోబెట్టారో మీరెప్పుడైనా అడిగారా? నాకు మొన్న ఆ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. చొక్కా గుడ్డ కోసం మా ఛత్తీస్‌గఢ్ ఊళ్ళోని పండరీ బజారుకు వెళ్తే, బట్టల దుకాణాల మధ్య రోడ్డుకు అడ్డంగా ఒక బ్యానరు కట్టి ఉంది: మా బడి ఫలితాలు నూటికి నూరు. ఆ బడి మోవా పేటలో, మా ఇంటి దగ్గరిదే. మా పక్కింటి అమ్మాయి అక్కడే చదివేది. లెక్కల్లో వెనకబడిందని పరీక్షలకు ముందే టీసీ చేతిలో పెట్టి పంపేశారు. నూటికి నూరు ఎలా వచ్చిందో ఆ పిల్లనడిగితే చాలు. గుడ్డ సంగతి మరిచిపోయి బ్యానరు కింద నిలబడిపోయాను. చుట్టూ కొత్త బట్టల గంజి వాసన. నాకు మాత్రం ఎప్పటివో బూరెల వాసన తగిలింది.

మా నాన్న రైల్వే గుమాస్తా. నేను చదివిన సర్కారీ ప్రాథమిక పాఠశాల మా క్వార్టర్ల అవతల ఉండేది. రేకుల కప్పు, రెండే గదులు. వాన పడితే పాఠం వినపడదు, ఎండ కాస్తే పాఠం ఎక్కదు. ముందు వరసల్లో గుమాస్తాల పిల్లలు, దుకాణదారుల పిల్లలు. వెనక వరసలో భన్‌పురి గోదాముల్లో మూటలు మోసేవాళ్ళ పిల్లలు, శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల పనికి వచ్చినవాళ్ళ పిల్లలు, చుట్టుపక్కల పల్లెల ఛత్తీస్‌గఢీ పిల్లలు. పాఠం మాత్రం హిందీలో. ఆ వెనక వరస ఒకటో తరగతిలోనే ఏళ్ళ తరబడి కూర్చుని, పొడుగెదిగి, ఒకరోజు కనిపించకుండా పోయేది. "వీళ్ళ నుదుట విద్య రాసిలేదు" అనేవారు హెడ్మాస్టరు. ఆయన్ని బడే గురూజీ అని పిలిచేవాళ్ళం. చెడ్డమనిషి కాదు. కానీ నుదుటి మీది రాత అంత బాగా చదవగలిగిన ఆయన, పలక మీది రాత ఎందుకు నేర్పలేకపోయారన్న అనుమానం నాకింకా తీరలేదు. ఏటా తనిఖీ రోజున ఆయన గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించి కొబ్బరికాయ కొట్టేవారు. ముందురోజు సాయంత్రమే వెనక వరసకు మాత్రం "కల్ తుమ్హారీ ఛుట్టీ", రేపు మీకు సెలవు, అని చెప్పేవారు. ఇన్‌స్పెక్టరు గారికి కనిపించేది ముందు వరసలే. ఫలితం బ్రహ్మాండం, పుణ్యం కొబ్బరికాయది.

మా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, ఆ బడిలోనే టీచరుగా చేరి మా ఇంట్లో ఉండేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అందుకు బడే గురూజీ ఆమె గురించి మంచిమాట రాయాలి. తన మొదటి తనిఖీ రోజు వెనక వరస ఖాళీగా ఉండటం చూసి, బడి వదలగానే నన్ను వెంటబెట్టుకుని పట్టాల పనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది. అక్కడ ఇంటింటా మరుగుతున్న నూనె, బెల్లం వాసన. పిల్లలు తలంటు పోసుకుని మెరిసిపోతున్నారు.

"ఏం పండగప్పా ఇది?" అని ఒకావిడని అడిగింది పిన్ని.

"ఏటో బహెన్‌జీ, మాకేటి తెలుసు? గుంటలకి బళ్ళో ఛుట్టీ ఇచ్చినారు. ఏటా ఇస్తారు. ఈ దేశం పండగే కదా అని మేమూ సేస్తన్నాం. దేవుడి పేరు తెలీదు గాని, దండం మాత్రం గట్టిగానే ఎట్టినాం. తినండి, తినండి."

పిన్ని పడీపడీ నవ్వింది. ఆవిడ చేతిలో పెట్టిన బూరె సగమైనా తినకముందే ఆ నవ్వు పోయింది.

ఆ ఏడాదంతా ఆమె వెనక వరసకు ప్రతి లెక్కా ముందు ఇంటి భాషలో చెప్పి, తర్వాత హిందీలో చెప్పింది. ఛత్తీస్‌గఢీ ఆ పిల్లల దగ్గరే నేర్చుకుంది. తప్పు మాట్లాడితే వాళ్ళు బల్లలు చరిచి నవ్వేవాళ్ళు. మళ్ళీ తనిఖీ వచ్చింది. ఆ ముందురోజు సాయంత్రం ఇంటింటికీ తిరిగింది.

"రేపు పండగ లేదు. పిల్లల్ని బడికి పంపండి."

"దేవుడికి కోపమొస్తాదేమో బహెన్‌జీ!"

"ఆ దేవుడు సైకిలు మీద వస్తాడు, ప్యాంటు వేసుకుంటాడు. నేను మాట్లాడుకుంటాలే."

ఇంటికొస్తే నాన్న అందుకున్నాడు. "నీ నౌకరీ ఇంకా గాల్లో ఉంది. ఒక్క ఏడాది ఓపిక పట్టలేవా?"

"ఒకటో తరగతిలో మీసాలొస్తున్నాయి బావా. ఇంకెంత ఓపిక పట్టాలి వాళ్ళు?"

మర్నాడు గది నిండిపోయింది. బడే గురూజీ ముఖం పాలిపోయింది. "యే క్యా కియా, బహెన్‌జీ? ఏం చేశారిది? రిజల్టు మునిగిపోతుంది!" అని గొణిగారు. "మునగనివ్వండి గురూజీ. ఉన్నదేదో పైకి తేలుతుంది" అంది పిన్ని. ఇన్‌స్పెక్టరు వెనక వరసలో ఒక పిల్లను లేపి హిందీలో తీసివేత అడిగారు. అది బూరెల ఇంటావిడ కూతురు. నేల చూస్తూ నిలబడింది. పిన్ని అనుమతి అడిగి తెలుగులో చెప్పింది: "తొమ్మిది బూరెలున్నాయి. మీ తమ్ముడు నాలుగు తినేశాడు. ఎన్ని మిగిలాయి?"

"అయిదు. గాని ఆడు నాలుగుతో ఆగడు బహెన్‌జీ."

పిన్ని హిందీలో అర్థం చెప్పగానే ఇన్‌స్పెక్టరు గట్టిగా నవ్వారు. ఆయనది ఆ పక్క పల్లే కాబోలు, తర్వాతి పిల్లవాణ్ని ఛత్తీస్‌గఢీలోనే అడిగారు. వాడు సరిగ్గా చెప్పాడు. ఆ తర్వాత లేచిన వాళ్ళలో చాలామందికి ఏ భాషలోనూ జవాబు రాలేదు. పిన్ని దాచలేదు. "రాదు సార్. అది మా పని, ఇంకా మిగిలి ఉంది. వీళ్ళని ఇంట్లో కూర్చోబెడితే ఆ పని ఎప్పటికీ మొదలుకాదు" అంది.

కథల్లో అయితే అక్కడే చప్పట్లు పడాలి. జరిగింది వేరు. ఆ ఏడు మా బడి ఫలితం ఘోరంగా పడిపోయింది. బడే గురూజీ మంచిమాట రాయలేదు. పిన్ని ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. కానీ ఆ బూరెల పిల్ల రెండో తరగతికి వచ్చింది, ఆపైన మా బడి దాటి పైచదువుకు వెళ్ళింది. నిమ్మకాయలు గుమ్మానికి వేలాడుతూనే ఉన్నాయి గాని, వెనక వరసకు సెలవు మాత్రం మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. తల్లులు పండగ మానలేదు. తనిఖీ రోజు సాయంత్రం బూరెలు బడికే తెచ్చేవాళ్ళు. బడే గురూజీ అందరికంటే ముందు చెయ్యి చాపేవారు.

పిన్ని ఇప్పుడు లేదు. వెళ్ళగొట్టడం మాత్రం కాగితం చేతికిచ్చి, మరింత మర్యాదగా సాగుతోంది. కాలం గడిచినంత మాత్రాన ఏదీ మారదు. ఎవరో ఒకరు ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టాలి. రేపు మీ వీధి బడికి వెళ్ళండి. ఎంతమంది పాసయ్యారని అడక్కండి. పరీక్షకు ముందు ఎవరిని పంపేశారో అడగండి. ఆ పిల్లను వెనక్కి పిలిచేదాకా ఆ గుమ్మం వదలకండి.