నీడలో కొలిచిన రోడ్డు

చంద్రగిరి అవతల ఒక రాష్ట్ర రహదారికి కొత్త తారు వేసినప్పుడు, పని సరిగ్గా ఉందని సంతకం పెట్టాల్సిన ఇంజనీరును నేనే. వేసిన తారును అక్కడక్కడా కోసి మందం కొలవాలి. ఎక్కడ కోయాలో నేనే ఎంచుకోవాలి. కానీ కాంట్రాక్టరు మేస్త్రీ ప్రతిసారీ చింతచెట్టు కిందికే పిలిచేవాడు.

"ఎండలో యాడ తిరుగుతారు సార్? ఈడ నీడుండాది."

అక్కడ మాత్రమే మందంగా వేసి ఉంటారని నాకు తెలుసు. అయినా అక్కడే కోయించి, కొలిచి, మొత్తం రోడ్డుకు సంతకం పెట్టేశాను.

ఎదురుగా పంక్చర్ల షాపు పెట్టుకున్న సాయిబు ఒకరోజు అన్నాడు: "మీరు నీడలోనే కొలుస్తారు సార్. మా బండ్లు ఎండలో గూడా పోవాల గదా." నేను నవ్వేసి జీపెక్కాను.

రెండు వానాకాలాలకే చెట్టు దాటినాక తారంతా లేచిపోయింది. నేను రిటైరయ్యాను. పోయిన నెల అదే దారిలో నా బండి గుంతలో పడి టైరు పంక్చరైంది. తోసుకుంటూ ఆయన షాపుకే వెళ్లాను. ఆయన కుడిచేతికి కట్టు ఉంది. మోపెడ్ మీద వస్తూ ఆ గుంతలోనే పడ్డాడట.

"మీ రోడ్డు పుణ్యాన పంక్చర్లకు కొదవ లేదు సార్. ఏసేదానికే చెయ్యి లేదు."

"చెట్టు దాటినాక మందం లేదని నాకప్పుడే తెలుసు భాయ్" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"నాకూ తెలుసు సార్. ఆ రాడ్డు తీసుకోండి, టైరు మీరే ఇప్పాల."

నేలమీద కూర్చుని, ఆయన చెప్పినట్టే విప్పాను. నా వెనక ఇంకో రెండు బండ్లు వచ్చి ఆగాయి.