ఎర్ర దట్టీ కనబడిందా?

పీర్ల పండగ ఫొటోలు తీద్దామని రాప్తాడు నుంచి పొద్దున ఆరున్నర బస్సుకు బయలుదేరాను. ఊళ్లో నాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్లకు రంగు ఫొటోలే తీస్తాను. పండగ ఫొటోలు నలుపు తెలుపులో తీస్తేనే ఎగ్జిబిషన్ గోడకెక్కుతాయని పట్నంలో ఒకాయన చెప్పాడు. ఆ రీలు ఒక్కటే వేసుకుని పోయాను. బస్సు బోర్డు చదవడం యాభై దాటాక నేర్చినవాణ్ణి, గోడ మీద నా పేరు చదువుకోవాలని ఆశ.

ముదిగుబ్బలో దిగి ఇడ్లీ తిని, ఆటోలో పల్లె చేరాను. పీర్ల సావిడి ముందు కాలు పెట్టే సందు లేదు. మొక్కుకున్నవాళ్లు తెచ్చిన రంగు గుడ్డలు, వాటినే దట్టీలంటారు, సావిడి చూసుకునే ముజావర్ పీరుకు కడుతున్నాడు. గొర్రెలు మేపేవాళ్ల ఇంటామె ఒకరు నా చొక్కా పట్టుకుంది. పేరు లక్ష్మక్క. మొగుడు కాలు విరిగి మంచంలో ఉన్నాడట. ఆయన మొక్కిన దట్టీ ముజావర్ చేతికిచ్చేసరికి జనం ఆమెను వెనక్కి తోసేశారు.

"కట్టినారో లేదో నాకు కనపడ్లేదన్నా. ఎర్రది. అది పడేట్లు తీయి. ఫొటో చూస్తే గానీ ఆయప్ప నమ్మడు."

"పడతాదిలేమ్మా" అన్నాను. రీలు అయిపోయేదాకా పీరు మీద వెలుగూ నీడా చూసుకుంటూ తీశాను.

మళ్లీ ముదిగుబ్బకు వచ్చి రెండున్నరకు అనంతపురం బస్సెక్కాను. లక్ష్మక్క ఊరూ ఆ దారిలోనే, ఆమే అదే బస్సెక్కింది. తన దట్టీ ఈ అన్న కెమెరాలో ఉందని బస్సంతా చెప్పింది. అయితే పీరుకూ టికెట్ కొట్టాల్నా అని కండక్టర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఈ రీల్లో ఎరుపు రాదనీ, అన్ని గుడ్డలూ బూడిద రంగులోనే పడతాయనీ చెప్పేశాను.

ఆమె నా ముఖం వంకే చూసింది. "పడతాదంటివే. సరే, కండ్లతో చూసినావు కదా. దిగు. నువ్వే చెప్పు ఆయప్పకు."

దిగాను. ఆయన వసారాలో మంచం మీద, కట్టు కట్టిన కాలు చాపుకుని ఉన్నాడు. నాకు నీళ్లిప్పించి అడిగాడు. "మాది పైకి కనపడతాండెనా అన్నా? వేరేవాళ్లవి కప్పేసినాయా?"

కనబడిందని చెబుదామనుకున్నాను. ఉన్నదే చెప్పాను. "నేను చూడలేదప్పా."

"అంతసేపు ఆడ నిలబడి ఏం చూసినావన్నా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

చీకటి పడుతుండగా ఇంకో బస్సు దొరికింది. ఆ పండగకు పోయేవాళ్లు ఏ రీలైనా వేసుకోండి. పీరు ముందు మాత్రం ఒకసారి కెమెరా దించి చూడండి. రాప్తాడు వచ్చేదాకా కళ్లు మూసుకుని ఆ ఎరుపు కోసం వెతికాను. దొరకలేదు.