ప్రమాణానికి లేచిన కుడిచెయ్యి

కరోనా సద్దుమణిగి, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు మళ్లీ తెరుచుకున్న ఏడాది అది. ఒక మెడికల్ షాపు మీద, మొదటి అంతస్తుల నా ఫిజియోథెరపీ క్లినిక్. నా దగ్గరికి వచ్చేటోళ్లల్ల ఎక్కువమంది భుజం నొప్పులోళ్లే. సిరిసిల్ల మరమగ్గాల పనోళ్లు, సుల్తానాబాద్ రైస్ మిల్లుల్ల బస్తాలు మోసే హమాలీలు, క్వారీల్ల పనిచేసేటోళ్లు. ‘ఫ్రోజెన్ షోల్డర్’ అంటే ఏందని వాళ్లు అడిగితే, తుప్పుపట్టిన తలుపు బందు లెక్క భుజం కీలు బిగుసుకుపోవుడు అని చెప్త. వెంటనే అర్థమైతది.

ఒకరోజు పొద్దున క్వారీ మేనేజర్ సమ్మిరెడ్డి ఒక విదేశీయుణ్ని వెంటబెట్టుకొని వచ్చిండు.

“మేడం, ఈ సార్ పేరు ఇద్రీస్. మా రాళ్లు కొనే యూరప్ కంపెనీ పంపింది. బ్లాకులు చూసి, పగుళ్లు లేకుంటే పాస్ చేసుడు ఈయన పని. ఎండకాలం దాక ఈడనే ఉంటడు. కుడిచెయ్యి ఛాతీ దాటి లేస్తలేదు. జర సూడుండ్రి.”

యాభై దాటిన మనిషి. పొడుగు, నెరిసిన గడ్డం, నెమ్మదైన మాట. ఉత్తర ఆఫ్రికాల పుట్టిండు. దేశం పేరు రాయొద్దని తర్వాత ఆయనే కోరిండు. ఇద్దరం ఇంగ్లీషుల మాట్లాడుకున్నం గాని ఆ మాటలు ఇక్కడ మన భాషలనే రాస్తున్న.

చెయ్యి ఎంతవరకు కదులుతదో చూసుడును ‘రేంజ్ ఆఫ్ మోషన్’ అంటం. అది సరిగ్గ చూడాలంటే వెనుక నిలబడి భుజం రెక్కను అదిమి పట్టాలె. నేను వెనుకకు పోంగనే ఇద్రీస్ ఒళ్లంత కట్టె లెక్క బిగుసుకుంది. నొప్పేమో అనుకొని, పుల్లీ దగ్గరికి రమ్మన్న. పుల్లీ అంటే పైకప్పు నుంచి వేలాడే తాడు. రెండు చేతుల్తోని పట్టుకొని, మంచి చెయ్యితో గుంజితే బిగుసుకున్న చెయ్యి మెల్లగ పైకి లేస్తది. ప్రతి ఫిజియో క్లినిక్‌ల ఉండేదే. ఇద్రీస్ తల ఎత్తి ఆ తాడు చూసిండు. ముఖమంత చెమట పట్టింది. “క్షమించండి” అని ఒక్క మాట చెప్పి మెట్లు దిగి పోయిండు.

సమ్మిరెడ్డి పరేషాన్ అయ్యిండు. “ఏమైంది మేడం? నొప్పి లేసిందా?”

“నొప్పి కాదు సమ్మిరెడ్డి గారూ. భయం.”

పైకప్పు తాడు అప్పుడే విప్పించిన. ఆయన మళ్లీ వస్తడని నమ్మకమేం లేదు. కాని నాలుగు రోజులకు ఒక్కడే వచ్చిండు. గడప మీదనే నిలబడి పైకప్పు దిక్కు చూసిండు.

“తీసేసిండ్రా?”

“తీసేసిన. అది లేకున్నా పని అయితది.”

గోడకు వీపు ఆనేటట్టు కుర్చీ జరుపుకొని కూసున్నడు. నేనేం అడగలే. ఆయనే మొదలుపెట్టిండు.

ఇద్రీస్ వాళ్ల దేశంల జియాలజీ లెక్చరర్‌గ చేసేటోడు. అక్కడ ఒక్కడే నాయకుడు, ఎదురు మాట్లాడితే జైలు. ఇద్రీస్ ఎదురు మాట్లాడి, ప్రాణభయంతోని యూరప్‌ల ఒక దేశానికి పోయి తలదాచుకున్నడు. అప్పట్ల ఆ దేశపోళ్లు వీళ్ల నాయకుణ్ని నియంత అని రోజూ తిట్టేటోళ్లు. తర్వాత కాలం మారింది. నియంత దగ్గర చమురు ఉంది, టెర్రరిస్టుల సమాచారం ఉంది. ఆ దేశపు గూఢచారి విభాగం, నియంత గూఢచారి విభాగం లోపల్లోపల దోస్తానా చేసినయి. ఒకసారి ఇద్రీస్ వేరే దేశం పోతుంటే, విమానం మారేకాడ పట్టుకున్నరు. కండ్లకు గంతలు కట్టి, ఇంకో విమానంల పండబెట్టిండ్రు. గంతలు విప్పేసరికి సొంత దేశం జైలుల ఉన్నడు. ఆయన ఏ విమానం ఎక్కుతుండో చెప్పింది, ఆశ్రయమిచ్చిన దేశపోళ్లే.

“నాకు ఎట్ల ఎరుకైందో తెలుసా? జైలుల నన్ను అడిగిన ప్రశ్నలతోని. యూరప్‌ల నా ఇంట్ల, నా ఫోన్‌ల నేను మాట్లాడిన మాటలు వాళ్ల నోట్లె నుంచి వచ్చినయి. అవి మా జైలరుకు ఎట్ల తెలుస్తయి?”

చేతులు వెనుకకు కట్టి, తాడుతోని పైకి గుంజి వేలాడదీసేటోళ్లట. కుడి భుజం కీలు జారింది. జైలోళ్లే మొరటుగ ఎక్కించిండ్రు గాని వైద్యం చెయ్యలే, అట్లనే బిగుసుకుపోయింది.

“ఒకరోజు నాకు ఆశ్రయమిచ్చిన ఆ దేశం నుంచే ఇద్దరు తెల్లోళ్లు వచ్చిండ్రు. ఇస్త్రీ బట్టలు, మంచి మర్యాద. టీ ఇప్పించిండ్రు. గోడ మీద మ్యాప్ ఉంది. మీతోని కలిసి ఎదురు తిరిగినోళ్లు ఎక్కడెక్కడ ఉన్నరో చూపెట్టండి అన్నరు. నా చెయ్యి లేవలే. వాళ్లల్ల ఒకాయన నన్ను చూసిండు, నా భుజం చూసిండు. లేచి పోయి ఆ మ్యాప్ తీసుకొచ్చి, మెల్లగ నా ఒళ్లె పరిచిండు.”

కింద రోడ్డు మీద ఆటోల హారన్లు వినబడుతున్నయి.

తిరుగుబాటు వచ్చి ఆ నియంత పడిపోయినంక ఇద్రీస్ బయటికొచ్చిండు. తనను పట్టించిన దేశం ప్రభుత్వం మీద ఆ దేశం కోర్టులనే కేసు వేసిండు. ఇది దేశ రహస్యం, తలుపులు మూసి వినాలె అని ప్రభుత్వం ఏండ్లకు ఏండ్లు అడ్డుపడ్డది. ఇప్పుడు అందరి ముందటనే వింటమని జడ్జీలు ఒప్పుకున్నరు. వీడియోల సాక్ష్యం చెప్పాలె. ఆ కోర్టుల సాక్షి కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తడు.

“చెయ్యి లేవదంటే వాళ్లు మినహాయింపు ఇస్తరు కదా?” అన్న.

“ఇస్తరు. నాకొద్దు. మ్యాప్ దాక లేవని చెయ్యిని వాళ్లు చూసిండ్రు. లేచిన చెయ్యిని కూడ చూడాలె.”

ఆ రోజు నుంచి మా పద్ధతే మారింది. నేను ఎక్కడ నిలబడ్డా ఆయనకు కనబడేటట్టు నిలువుటద్దం పెట్టించిన. ప్రతిసారి “చెయ్యి పట్టుకోవచ్చా?” అని అడిగేదాన్ని. ఆయన తల ఊపితేనే ముట్టుకునేది. తాడు బదులు ‘ఫింగర్ ల్యాడర్’ వాడినం. గోడకు కొట్టిన చిన్న మెట్ల పట్టీ అది, వేళ్లతోని ఒక్కో మెట్టు పాకుకుంట పైకి పోవాలె. ఆయన జియాలజిస్టు కదా, “ఇది కూడ కొండ ఎక్కుడే” అని నవ్వేటోడు. కొన్ని రోజులు నొప్పికి కండ్లల్ల నీళ్లొచ్చేవి. ఒకసారి వారం పాటు ఒక్క మెట్టు కూడ ముందుకు పడలే. “ఆపుదామా?” అంటే, “నువ్వు అలసిపోయినవా?” అని నన్నే అడిగిండు.

సాక్ష్యం రోజు నన్ను కూడ రమ్మన్నడు. క్వారీ కంపెనీ ఆఫీసుల కంప్యూటర్ పెట్టిండ్రు. పక్క షెడ్డుల రాళ్లు పాలిష్ చేసే మిషన్ల మోత చెవులు పగిలేటట్టు ఉంటది. సమ్మిరెడ్డి పోయి అన్ని బంద్ చేయించిండు.

“ఆర్డర్ లేటయితే మీ సేటు ఊకుంటడా?” అని అడిగిన.

“సేటుకు నేను చెప్పుకుంట మేడం. ఈయన మాట అటోళ్లకు మంచిగ వినబడాలె గదా.”

అద్దాల తలుపు ఇవతల ఇద్దరం నిలబడ్డం. ఇద్రీస్ లేచి, కంప్యూటర్ ముందట కుడిచెయ్యి ఎత్తిండు. ఛాతీ దాటింది, గడ్డం దాటింది, తల పైకి పోయింది. ప్రమాణానికి అంత ఎత్తు అక్కర్లేదు. అయినా దించలే. సమ్మిరెడ్డి తువ్వాలతోని ముఖం తుడుచుకున్నడు.

తర్వాతి ఏడాది ఇద్రీస్ ఫోన్ చేసిండు. కోర్టు ఆయన మాట నమ్మిందట. ఆ ప్రభుత్వం అందరి ముందట క్షమాపణ చెప్పిందట. “మీకు సంతోషమేనా?” అంటే, “నిన్న మా ఆవిడకు అటక మీది డబ్బా తీసిచ్చిన, గా సంతోషం వేరే” అని పకపక నవ్విండు.

ఇప్పుడు ఎవరొచ్చినా నేను ముందటి నుంచే మాట్లాడుత, అడిగే ముట్టుకుంట. చానమంది నవ్వుతరు. మొన్న హుజూరాబాద్ దిక్కు నుంచి ఒక పెద్దమనిషి భుజం పట్టేసిందని వచ్చిండు. ఎట్లయిందంటే, చిన్నప్పుడు చెట్టు మీదికెళ్లి పడ్డనన్నడు. “బాపూ, నీ వెనుక నిలబడొచ్చా?” అని అడిగిన. ఆయన నన్ను చానసేపు చూసిండు.

“చెట్టు కాదు బిడ్డా,” అన్నడు. “ఉద్యమాల కాలంల, లాకప్పుల. నిలబడు, ఏం ఫికర్ లేదు.”